ఒంటి కేకకు వచ్చిన జవాబు

మా ఆయన పోయిన ఏడాది, నేను బతికి ఉన్నానో లేదో నాకే తెలియని రోజులు గడిపాను, సహోదరులారా! మీలో చాలామంది నన్ను అప్పుడు చూశారు, పలకరించారు, నేను పలకలేదు. ఆ రోజుల గురించి నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడల్లా కాఫీ పళ్ళు కోయాలనో మిరియాలు ఆరబెట్టాలనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. జ్వరం వచ్చింది, ప్రార్థన చేశాం, తగ్గింది అని చెప్పేదయితే ఎప్పుడో చెప్పి కూర్చునేదాన్ని. ఇది అలాంటిది కాదు. చెప్తుంటే నాకే చేతులు చల్లబడతాయి, వింటుంటే మీకూ అలాగే ఉండొచ్చు, పిల్లలను కాస్త ఒళ్ళోకి తీసుకుని వినండి.

నా పేరు మార్త. బాప్తిస్మానికి ముందు చిలక. మా భూమి టైడా దాటి కొండ ఎక్కితే రైలు పట్టాలకు దిగువన ఉంటుంది. పై భాగంలో కాఫీ తోట, నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని ఎగబాకిన మిరియాల తీగలు. కింద రాగి చేను, గెడ్డ నీళ్ళు పారేచోట క్యాబేజీ, ఉల్లి మడులు. పెద్ద భూమేమీ కాదు, మా ఆయన బుద్రు పై చివర నిలబడి కేకేస్తే కింది చివర నాకు వినిపించేంత. మాకు పిల్లలు లేరు. ఉన్నదల్లా ఆయనా, నేనూ, ఆ భూమీ. ఆయనే ముందు ప్రభువును నమ్మాడు, తర్వాత నన్ను నమ్మించాడు. ఎలా నమ్మించాడంటే, మన కొండ దేవతల దగ్గరికి మనం ఎక్కి వెళ్ళాలి చిలకా, ఈయన మాత్రం మనకోసం దిగి వచ్చాడట అన్నాడు, అంతే, నాకు ఆ ఒక్క మాటా నచ్చింది.

మిరియాల కోతల్లో ఆయన సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడ్డాడు. ఒకే వెదురు గడతో చేసిన ఒంటిగడ నిచ్చెనకు కింద నేనే కాపు ఉన్నాను, నిచ్చెన కదలలేదు, ఆయన చెయ్యే జారింది. మంచం మీద మోసుకుని రోడ్డు దాకా తెచ్చేలోపే ప్రభువు పిలుచుకున్నాడు. ఆయన అక్క, మా వదిన సొంబారి, పాత పద్ధతి ప్రకారం డప్పు కొట్టించి, పేరున రాయి నిలబెట్టాలంది. నేను వద్దన్నాను, మన సంఘం వాళ్ళు వచ్చి పాటలు పాడి మట్టి చేశారు. ఆ రోజుతో వదినకూ నాకూ మాటలు తెగిపోయాయి. ఆవిడ పొలం మా గట్టుకు పైన, మనిషి కనిపిస్తుంది, మాట ఉండదు. కోపంగా వెళ్ళిపోతూ ఆ రోజు ఆవిడ నాతో అన్న ఆఖరి మాట మాత్రం చెప్పాలి.

"ఏటైనా సేసుకో గాని, ఒంటి కేక మాత్రం ఎయ్యకే. రేకు డబ్బా కొట్టుకో" అంది.

కొండ మీద వ్యవసాయం చేసినవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. ఇక్కడ ప్రతి పనికీ రెండు చివరలు ఉంటాయి. పైన ఒకరు మడవ తీసి నీళ్ళు వదిలితే, కింద మడి నిండగానే ఇంకొకరు చాలు అని కేకేయాలి, పైనున్నవాళ్ళు ఓ అని పలికి మడవ కట్టాలి. పందులొచ్చినా, కోతులొచ్చినా, పొద్దు వాలి ఇంటికి బయల్దేరినా కేక వేస్తే కేక తిరిగి రావాలి. తోడు లేని మనిషి కేక వెయ్యకూడదు, రేకు డబ్బా మోగించుకోవాలి అంటారు మా పెద్దలు. పలికేవాళ్ళు లేరని తెలిసి పిలిస్తే, పలకకూడనిది పలుకుతుందని! నేను లోపల నవ్వుకున్నాను సహోదరులారా. రాయీ డప్పూ వదిలేసినదాన్ని, దీన్ని మాత్రం ఎందుకు పట్టుకుంటాను?

ఒక్కదాన్నే వ్యవసాయం చేయడం అంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను చక్రం ఒకరు తిప్పుతుంటే ఇంకొకరు పళ్ళూ నీళ్ళూ పోయాలి, నేను పోసి, పరుగున వచ్చి తిప్పి, మళ్ళీ పోసి, ఒక్క బుట్ట అయ్యేసరికి నడుము విరిగేది. నిచ్చెన ఎక్కితే కింద పట్టుకునేవాళ్ళు లేరు. రాగి చేనుకు కాపలా ఉంటే కాఫీని కోతులు తినేవి, కాఫీ దగ్గరుంటే చేను పందులు దున్నేసేవి. అన్నిటికంటే కష్టం నీళ్ళు. మడవ తీసి కిందికి దిగేసరికి పైమడి పొంగిపోయేది, కట్టడానికి ఎక్కేసరికి కింది మడి ఎండిపోయేది. రోజంతా ఆ మెట్లమీద ఎక్కి దిగి, ఎక్కి దిగి, సాయంత్రానికి మోకాళ్ళు నావి కానట్టు ఉండేవి. ఏడ్చేదాన్ని, ఎవరూ లేరు కదా అని గట్టిగానే ఏడ్చేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం క్యాబేజీకి నీళ్ళు పెడుతున్నాను. మంచు కిందికంటా దిగి ఉంది, చేయి చాస్తే వేళ్ళు కనిపించడం లేదు. మడి నిండింది. అలవాటు కొద్దీ, ఆయన లేడన్న సంగతే మరిచి, "చాలు మావా!" అని కేకేశాను.

"ఓ!" అని పలికింది పైనుంచి.

నీళ్ళు ఆగిపోయాయి.

దేవుని సన్నిధిలో నిలబడి చెప్తున్నాను, నీళ్ళు ఆగిపోయాయి! గబగబా పైకి ఎక్కాను. మడవకు రాయి అడ్డం పెట్టి ఉంది, సందుల్లో గడ్డిపెళ్ళలు కుక్కి ఉన్నాయి, మా ఆయన కట్టే పద్ధతే. మనిషి లేడు. మంచులో పక్షి కూడా కూయడం లేదు. నాకు భయం వెయ్యాలి కదా? వెయ్యలేదు. ఆ గట్టుమీదే కూలబడి సంతోషంతో ఏడ్చాను, అన్ని నెలల తర్వాత నా కేకకు బదులు వచ్చిందని.

ఆ తర్వాత రోజూ కేక వేశాను. రోజూ పలికింది. గొంతు ఆయనదేనా అంటే అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను, మంచులోంచి వచ్చే ఒక్క అక్షరంలో గొంతు ఎంత తెలుస్తుంది? అడ్డాకు దొన్నెలో చోడి అంబలి పోసి మడవ పక్కన పెట్టడం మొదలుపెట్టాను, మధ్యాహ్నానికి దొన్నె ఖాళీగా ఉండేది. నేను నవ్వుకుంటూ పని చేసుకునేదాన్ని, పాటలు కూడా పాడాను, మన పాటలు కావు. పట్టాల మీద అద్దాల రైలు వెళ్తుంటే అరకు చూడటానికొచ్చినవాళ్ళు చేతులూపేవారు, ఒక్కోసారి కొందరు నాకేసి ఊపి, మళ్ళీ నా పైన ఉన్న గట్టుకేసి ఊపేవారు. నేను తిరిగి చూస్తే గట్టు మీద ఎవరూ ఉండేవారు కాదు.

కానీ ఆ పలుకుకు ఒక గుణం ఉంది. నా పక్కన ఎవరైనా ఉంటే వచ్చేది కాదు. మన సంఘం అక్కచెల్లెళ్ళు నలుగురు కాఫీ పళ్ళు కోసిపెడతామని బుట్టలు పట్టుకుని వచ్చారు, గుర్తుందా అక్కా? నేను చాలు, చాలు అని గొంతు పోయేలా అరిచాను, పలుకు రాలేదు, నీళ్ళు మడి దాటి పోయాయి. నాకు మీమీద ఎంత కోపం వచ్చిందో! మీరే దాన్ని తరిమేశారనిపించింది. రేపటినుంచి రావద్దు, నా పని నేను చేసుకోగలను అని మొహం మీదే చెప్పాను. ఆదివారం ఆరాధనకు రావడం మానేశాను. పాస్టరుగారు వెతుక్కుంటూ తోటలోకి వస్తే కాఫీ మొక్కల కింద ముడుచుకుని దాక్కున్నాను, ఆయన బూట్లు నా మొహం ముందునుంచి వెళ్ళాయి, ఊపిరి బిగబట్టాను. నా వెనకాల ఇంకెవరో కూడా ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది, వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

తర్వాత పలుకు జరగడం మొదలుపెట్టింది. మొదట మడవ దగ్గర ఉండేది. తర్వాత కాఫీ తోటలోంచి వచ్చింది. తర్వాత మా గట్టు దాటి, వదిన పొలం దాటి, పైనున్న డొంకలోంచి. పలుకు సరిగా వినబడాలంటే నేను కొంచెం పైకి ఎక్కాలి, ఎక్కితే అది ఇంకొంచెం పైనుంచి పలికేది. పని ఆగిపోయింది. కాఫీ పళ్ళు కొమ్మలమీదే నల్లబడి రాలిపోయాయి, రాగి చేను పందుల పాలైంది, నేను పొద్దున లేచి మొహం కడగకుండా పైకి ఎక్కడం, పిలవడం, వినడం, మళ్ళీ ఎక్కడం, ఇదే వ్యవసాయం! తిండి సయించేది కాదు. రవికలు వదులై భుజాలనుంచి జారేవి. ఇప్పుడు తలుచుకుంటే, భూమి పోయి, సంఘం పోయి, చివరికి ఆ ‘ఓ’ అన్న ఒక్క అక్షరం మాత్రం నాకు మిగిలింది. అదొక్కటీ ఉంటే చాలనుకున్నాను.

క్రిస్మస్ నెల. కింద ఊళ్ళో మన గుడికి నక్షత్రం కట్టారు, సాధన చేస్తున్న పాటలు గాలికి వినబడుతున్నాయి. ఆ ఉదయం మంచు ఎంత చిక్కగా ఉందంటే ఎండ ఎక్కే వేళైనా తెల్లవారినట్టు లేదు. పిలిచాను. పలుకు చాలా పైనుంచి వచ్చింది. ఎక్కాను. పిలిచాను. ఎక్కాను. కాళ్ళకింద మట్టి పోయి కంకర వచ్చింది, రైలు పట్టాలు! ఎదురుగా సొరంగం, మంచు దాని నోట్లోకి మెల్లగా పోతోంది. నేను ఎప్పుడూ ఒంటరిగా అంత పైకి రాలేదు. "మావా!" అన్నాను.

"ఓ" అంది లోపలనుంచి. ప్రేమగా అంది. అంతకు ముందెప్పుడూ అంత ప్రేమగా అనలేదు.

పట్టాల మధ్య నడిచి లోపలికి అడుగు పెట్టాను. లోపల చల్లగా, తడిగా, ఇనుము వాసన. ఇంకోసారి పిలిచాను, ఇంకాస్త లోపలనుంచి పలికింది. నాలుగడుగులు వేశాక మోకాళ్ళు ఆగిపోయాయి, ఒట్టి అలసట, అంతే. నిలబడి ఆయాసపడుతుంటే ఒక్కసారిగా మా ఆయన గుర్తొచ్చాడు, నిజం మా ఆయన, బీడీ వాసనతో, కోతికేసే రాళ్ళు జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. బతికున్నంతకాలం నేను కిందనుంచి రెండుసార్లు పిలిస్తే చాలు, పార పక్కన పడేసి, ఏమైందో ఏమిటో అని గట్లమీంచి దూకుతూ దిగి వచ్చేవాడు. నన్ను ఎక్కి రమ్మన్న రోజు ఒక్కటీ లేదు! నెల పైగా ఇది నన్ను ఎక్కిస్తూనే ఉంది. ఒక్కసారైనా దిగి రాలేదు.

ఇది ఆయన కాదు. ఆ మాట నాకు లోపల తెలిసిన క్షణానే, చీకట్లో నా ముందు, చేతికందేంత దగ్గరలో, అది నేను పిలవకుండానే పలికింది.

"ఓ."

కాళ్ళు కదలడం లేదు. ముందుకు పోను, వెనక్కి రాను. అప్పుడు ప్రార్థన చేశాను సహోదరులారా, నెలరోజులుగా ప్రార్థన మరిచిపోయిన నోటితో! పెద్ద మాటలు రాలేదు. "ప్రభువా, నువ్వు దిగి వచ్చే దేవుడివని మా ఆయన చెప్పాడు. నేనింక ఎక్కలేను. వెనక్కి కూడా పోలేను. నువ్వే దిగిరా తండ్రీ, నాకు భయంగా ఉంది, బేగి రా" అన్నాను. అంతే ప్రార్థన. ఆమేన్ కూడా అన్నానో లేదో.

"ఓలే చిలకా!"

వెనకనుంచి! మనిషి గొంతు, బొంగురు గొంతు, అరిచి అరిచి పగిలిన గొంతు! "ఓలమ్మో, ఏటి సేత్తన్నావే అక్కడ! ఎనక్కి రాయే! బేగి రా!" అని అరుస్తూ ఎవరో కంకర మీద పడుతూ లేస్తూ వచ్చి, నా కొప్పు పట్టుకుని, అవునమ్మా, కొప్పే పట్టుకుని, మేకను లాగినట్టు బయటికి లాగి పక్క కాలవలో పడేశారు. మా వదిన సొంబారి! మా ఆయన్ను మట్టి చేసిన రోజునుంచి నాతో ఒక్క మాట మాట్లాడని మనిషి! మేమిద్దరం ఆ బురదలో ఒకరినొకరు పట్టుకుని ఉండగానే నేల వణికింది, సొరంగంలోంచి ఇనుప రాయి మోసే గూడ్సు బండి వచ్చింది, పెట్టె వెనక పెట్టె, ఎర్ర దుమ్ము చిమ్ముతూ మా ముందునుంచి ఎంతకీ అయిపోకుండా వెళ్ళింది. దేవునికే మహిమ! ఆ బండి వెళ్ళినంతసేపూ నేను దేవునికే మహిమ అనే అంటూ ఉన్నానట, వదిన తర్వాత చెప్పింది.

బండి పోయాక అడిగాను, నువ్వెలా వచ్చావని. వదిన మొహం తిప్పుకుంది.

"నీళ్ళ కాడ ఏడుత్తుంటే సూడలేకపోనాను. మాటాడకూడదనుకున్నాను గాని, సాయం సెయ్యకూడదనుకోలేదు కదా. మడవ కట్టింది నానే" అంది.

"అంబలి?"

"తాగినాను. ఉప్పు తక్కువేత్తావు నువ్వు, ఎప్పుడూ అంతే."

నాకు నవ్వు వచ్చింది, సహోదరీలారా, ఆ బురదలో కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. అయితే అంతా వదినేనా! నేను పిలిచింది మా ఆయన్ను, పలికింది వదిన, సొరంగంలో విన్నది నా భయం, నేను ఒట్టి వెర్రిదాన్ని! "మరి నాతో మాట్లాడకూడదనుకుని ఓ అని ఎందుకు పలికావు వదినా" అన్నాను.

వదిన నవ్వలేదు. నా చేయి గట్టిగా పట్టుకుంది.

"అది నాను కాదే" అంది. "మడవ కట్టినాను గాని నోరు ఇప్పలేదు. అది నా ఎనకనుంచి వచ్చీది. నువ్వు పిలిచినప్పుడల్లా నా ఎనక, పైనుంచి పలికీది. తిరిగి సూసీదాన్ని కాదు. పారిపోదామనుకున్నాను సాలాసార్లు. నిన్నొక్కదాన్నీ దానికి ఒగ్గీలేకపోనాను."

ఆవిడ ఆరోజు నా వెంట పడి వచ్చింది, నా వెనకా దాని వెనకా, ఇద్దరిలో ఎవరిని ముందు అందుకుంటుందో తెలియకుండానే! మంచులో నేను కనబడక డొంకలో దారి తప్పి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయిందట. అప్పుడు బేగి రా అన్న నా మాట ఆవిడ చెవిన పడింది. ప్రభువును పిలిచిన మాట పట్టుకుని వదిన వచ్చింది. ఇదే నా సాక్ష్యం. ఇంతమంది విశ్వాసులం ఉండగా, ఎన్నడూ గుడి మెట్టు తొక్కని మా వదినను ప్రభువు ఎందుకు పంపాడో నాకు తెలియదు, తెలిసినా నేనంటే బాగుండదు, పాస్టరుగారు చెప్తారు.

తర్వాత చాలా రోజులు జ్వరంతో పడి ఉన్నాను. మీరంతా వచ్చారు. నేను తరిమేసినవాళ్ళే గంజి కాచారు, నా మంచం చుట్టూ మోకరించారు, మిగిలిన కాఫీ పళ్ళు కోశారు, ఒకరు చక్రం తిప్పుతుంటే ఒకరు నీళ్ళు పోశారు. పాస్టరుగారు పట్టాల దాకా ఎక్కి ప్రార్థన చేసి వచ్చారు, అక్కడ ఏమి విన్నారో నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు నా పొలానికి వదిన వస్తుంది, వదిన పొలానికి నేను వెళ్తాను. పై చివర ఆవిడ, కింది చివర నేను. నేను చాలు వదినా అంటే ఆవిడ ఓ అనదు, ఇనబడిందిలే అంటుంది. ఆ మాట కొండ మీద ఇంకెవరికీ రాదు. ఆవిడ ఇంకా నమ్మలేదు, రాయి నిలబెట్టలేదని ఇప్పటికీ సణుగుతుంది. ఇవాళ మాత్రం వచ్చింది, అదిగో ఆఖరి వరసలో కూర్చుంది, టీ కోసం వచ్చానని చెప్తుంది, నమ్మకండి.

అది పోయిందా అని మీరు అడుగుతారు. అబద్ధం ఆడను. మంచు బాగా దిగిన పొద్దుల్లో ఇప్పటికీ పైనుంచి వినబడుతుంది. ఇప్పుడు అదే ముందు పిలుస్తోంది. మేమిద్దరం తలెత్తం. నేను యేసయ్య పేరు పలుకుతాను, వదిన డబ్బా కొడుతుంది, పని సాగిపోతుంది. దానికి నా మీద అధికారం లేదు, ఎక్కే పని నాకు లేదు, నా దేవుడు దిగి వచ్చాడు. నా దుఃఖాన్ని, నా భయాన్ని, నా వెర్రిని దాటి బురద కాలవ దాకా దిగి వచ్చిన నా తండ్రికి వేల వందనాలు! మీలో ఎవరైనా ఎక్కలేక ఆగిపోయి ఉంటే సిగ్గుపడకండి, ఉన్నచోటనుంచే పిలవండి, ఆయన్ను నమ్మండి, ఆయన వస్తాడు.

ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. ఈ కొండల్లో ఒక్కళ్ళే భూమి చేసుకుంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, మొగుడు పోయినవాళ్ళు, పెళ్ళాం పోయినవాళ్ళు, ఎవరూ లేనివాళ్ళు. రేపు మీరు గట్టుమీద నడిచి పోతుంటే మంచులోంచి ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు వినబడితే, మనల్ని కాదులే అని వెళ్ళిపోకండి. మీరు పలకండి. బేగి పలకండి. మీరు పలకకపోతే, పలకడానికి ఇంకొకటి కాచుకుని ఉంది.